గాలి రాల్చిన ఖర్జూరాలు

నేను పుట్టిన ఊరి గురించి అమెరికాలో తెలుగువాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే. గ్రీన్ కార్డు ఎన్నాళ్ళకి వచ్చింది? మిగతావాళ్ళందరూ ఇండియా క్యూలో జుట్టు నెరిసేదాకా నిలబడాలి. ఆ వరస పుట్టిన దేశాన్ని బట్టి. నేను పుట్టింది లిబియాలో కాబట్టి నాకు ఆ క్యూ లేదు. నన్ను కట్టుకున్న పుణ్యానికి గుంటూరులో పుట్టిన మా ఆయనకీ లేకుండా పోయింది. మేం ఉండేది అరిజోనాలో. చాండ్లర్‌లో ఏ బర్త్‌డే పార్టీకి వెళ్ళినా ప్లేటులో బిర్యానీ వడ్డించుకుంటూ ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. మా వీధి చివర ఉండే ఒకాయనైతే ప్రతిసారీ, "మీరు లక్కీ అండీ, ఎడారిలో పుట్టినా యూజ్ అయింది," అంటాడు. మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. తరవాత తరవాత ఒళ్ళు మండడం మొదలైంది. ఎడారంటే ఏమనుకుంటున్నారండీ, మా అమ్మ నన్ను ఒంటె పక్కన ఇసకలో కన్నదనుకున్నారా అని ఒకసారి అడిగేశాను. ఆయన గతుక్కుమన్నాడు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని పెరుగుచట్నీ గిన్నె దగ్గరికి లాక్కుపోయాడు.

ఆ ఊరి పేరు ఘదామిస్. లిబియా పటంలో పడమటి అంచున, ట్యునీషియా, అల్జీరియా సరిహద్దులు వచ్చి కలిసే మూల ఉంటుంది. ట్రిపోలీ నుంచి బస్సులో ఒక రోజు ప్రయాణం. దారిలో సినిమాల్లో చూపించే ఇసక దిబ్బలు కూడా పెద్దగా ఉండవు. రాళ్ళూ గులకా పరుచుకున్న బూడిదరంగు నేల, అంతే. చూసి చూసి కళ్ళు మంటలెత్తాక ఉన్నట్టుండి ఖర్జూరపు తోటలు కనిపిస్తాయి. మా అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. తెనాలి దాటి ఎరగని పిల్ల, ఉద్యోగం కాంట్రాక్టు సంపాదించి, నాన్నని వెంటేసుకుని అంత దూరం వెళ్ళింది. నాన్న అదే ఆసుపత్రి ఆఫీసులో గుమాస్తా. నేను అక్కడే పుట్టాను, పద్నాలుగేళ్ళు వచ్చేదాకా అక్కడే పెరిగాను.

ఒయాసిస్ అనగానే అందరికీ ఒకటే బొమ్మ. ఒక నీటి గుంట, గట్టున రెండు చెట్లు. నా తలకాయ! అది ఊరండీ. బజారూ, మసీదులూ, గొడవలూ, పెళ్ళిళ్ళూ ఉన్న నిండు ఊరు. దానికి ప్రాణం ఒక ఊట. ఎప్పుడో దాహంతో ఉన్న గుర్రం డెక్కతో నేల గీరితే నీళ్ళు ఉబికాయని చెప్పుకునేవారు. ఆ నీళ్ళని తోటలకి వంతులేసి పంచేవారు. అడుగున చిల్లున్న కుండని నింపి వేలాడదీస్తే అది ఖాళీ అయ్యేంతసేపు ఒక వంతు. కాపలా కూర్చున్న మనిషి కుండ ఖాళీ అయినప్పుడల్లా ఖర్జూరపాకుకి ఒక ముడి వేసి మళ్ళీ నింపుతాడు. నేను పుట్టేసరికి మోటారు బావులొచ్చి కుండకి పని పోయింది కానీ, ముసలాళ్ళు మాత్రం దేనికి ఎంతసేపు పడుతుందో చెప్పాలంటే ఇంకా ఇన్ని కుండలనే చెప్పేవారు. మన ఘడియ కూడా చిల్లు గిన్నె నీళ్ళలో మునిగేంతసేపే కదా అని నాన్న మురిసిపోయేవారు.

మాకు ఆ ఊరిని చూపించింది ఒకావిడ. నేను పిన్నీ అన్నట్టుగా ఆవిణ్ణి ఖాలా అని పిలిచేదాన్ని. అరబ్బీలో అదే మాట. ఆవిడ కాన్పు కష్టమైతే అమ్మ రెండు పూటలు పక్కనుంచి కదలకుండా బిడ్డని బయటికి తీసిందట. ఆ తరవాత ఆవిడ మమ్మల్ని వదల్లేదు. శుక్రవారం వస్తే చాలు, ఆసుపత్రి క్వార్టర్స్ నుంచి మమ్మల్ని తమ తోటకి తీసుకెళ్ళేది. చుట్టూ మట్టిగోడ, లోపల నేల దారికంటే పల్లంగా ఉండేది. పైన గొడుగు పట్టినట్టు ఖర్జూరాలు, వాటి నీడలో దానిమ్మా అంజూరా, వాటి నీడలో ఉల్లీ టమాటా, మేకలకి పచ్చగడ్డి. బయట నిప్పులు చెరుగుతున్నా లోపల ఒళ్ళు చల్లబడేది. ఒకసారి నేను ఎవరిదో తోట పక్కన దారిలో రాలిన పళ్ళు ఏరుకుంటుంటే అమ్మ వీపు మీద ఒక్కటేసింది. ఖాలా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. చెట్టున ఉన్నవి తోట వాళ్ళవి, గాలి రాల్చినవి దారిన పోయేవాళ్ళవి అని చెప్పింది. రాలిన పండు కోసం తోటవాడు వంగితే ఊళ్ళో నవ్వుతారట. ఆ రోజు నా గౌను ఒడి నిండా పళ్ళే.

పాత ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. కింద సందుల మీద కూడా కప్పు ఉంటుంది. పట్టపగలు కూడా మసక చీకటి, అక్కడక్కడా పైనుంచి వెలుతురు పడే బొక్కలు. అప్పటికి చాలామంది ప్రభుత్వం కట్టించిన కొత్త ఇళ్ళకి మారారు. ఎండలు ముదిరితే మాత్రం ఆ సిమెంటు ఇళ్ళలో ఉండలేక పాత ఇళ్ళకి వచ్చేసేవారు. సందులు మగవాళ్ళవి. మిద్దెలు ఆడవాళ్ళవి. వంటిల్లు కూడా మిద్దె మీదే. ఒక మిద్దె నుంచి ఇంకో మిద్దెకి పిట్టగోడలు దాటుకుంటూ ఊరి ఆ చివరికి పోవచ్చు, కాలు నేల మీద పెట్టకుండా. కూర గిన్నెలూ, చాడీలూ, పెళ్ళి సంబంధాలూ అన్నీ మిద్దెల మీదే తిరిగేవి. ఆ మిద్దె మీద నిలబడితే తోటలో చెట్ల తలలు సరిగ్గా కళ్ళ ఎదుట ఉంటాయి. ఖాలా వాళ్ళింట్లో ఆడపిల్ల పుడితే ఒక చెట్టు ఆ పిల్ల పేరు మీద ఉంచేవారు. ఒక సాయంత్రం నా గడ్డం పట్టుకుని ఒక లేత చెట్టు వైపు తిప్పి, "అది నీది. కాపుకొచ్చాక మొదటి పండు నువ్వే కొయ్యాలి," అంది.

చలి తగ్గేవేళకి ఒక మనిషి వచ్చి చెట్లెక్కేవాడు. తెల్లటి పూల రెమ్మలు సంచిలో వేసుకొచ్చి, విచ్చుకుంటున్న ప్రతి గెల మధ్యలో ఒక రెమ్మ దోపి, బిస్మిల్లా అని గొణిగి, ఆకు చీలికతో కట్టి దిగేవాడు. అమ్మ మిద్దె మీదనుంచి అది చూసి చూసి ఒక నిర్ణయానికొచ్చింది. "చూశావుటే, వీళ్ళకీ దిష్టి ఉంది. కాపుకి దిష్టి తగలకుండా కడుతున్నాడు," అంది. అంతే, మాకు అది వేదమైంది. మంత్రం ఉంది, కట్టడం ఉంది, పూలున్నాయి, ఇంకేం కావాలి? ఖాలాని అడగాలని ఇద్దరికీ తట్టలేదు. తెలిసిన విషయాన్ని ఎవరడుగుతారు?

నా చెట్టు తొలిసారి పూసిన ఏడే అమ్మ కాంట్రాక్టు అయిపోయింది. గెలలకి రెమ్మలు కట్టడం చూశాను. ఖర్జూరాలు పండేది వేసవి వెళ్ళాక. మేం బయల్దేరింది వేసవి మొదట్లో. గెలలకి పచ్చగా, శనగ గింజలంత పిందెలు ఉన్నాయప్పుడు. ఖాలా బస్సు దాకా వచ్చి, పళ్ళు పంపిస్తానంది. ఎలా పంపిస్తుంది, ఎక్కడికి పంపిస్తుంది? నేను బస్సులో ట్రిపోలీ దాకా ఏడ్చాను. నా పండు నేను కొయ్యలేదన్న కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పోనివ్వను కూడా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చాండ్లర్‌లో ఇల్లు కొనేటప్పుడు మా ఆయన గరాజ్ చూశాడు, స్కూల్ రేటింగ్ చూశాడు. నేనూ అమ్మా పెరట్లో గోడ మూలనున్న ఖర్జూరపు చెట్టుని చూశాం. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, ఇది కాసే చెట్టే, పాత గెల మోళ్ళున్నాయి, కొనెయ్యండి అంది. అరిజోనా అంతా ఖర్జూరాలే. పాత తోటలు పడగొట్టి ఇళ్ళు కట్టినప్పుడు ఆ చెట్లని వేళ్ళతో సహా పెకిలించి తెచ్చి కాలనీల్లో నిలబెట్టారట. మా చెట్టు తల సగం మా పెరట్లో ఉంటే, సగం గోడవతల వాకింగ్ పాత్ మీద ఉంటుంది. గొడవంతా ఆ సగంతోనే వచ్చింది.

మేం దిగిన మొదటి వసంతంలోనే కాలనీ అసోసియేషన్ వాళ్ళ మనుషులు క్రేన్ బండి వేసుకుని వచ్చారు. కాలనీలో ప్రతి ఖర్జూరపు చెట్టుకీ పూత విచ్చుకోకముందే కోసేస్తున్నారు. కాయలు కాస్తే రాలుతాయట, రాలితే చెప్పులకి అంటుకుంటాయట, పావురాలొస్తాయట. అందుకని పూతలోనే నరికేస్తారు, ఏటేటా. కడుపొచ్చిన ప్రతిసారీ తీయించేసినట్టు లేదూ అంది అమ్మ. ఆవిడ నర్సు, ఆవిడకి ఆ మాట అనడానికి మొహమాటం లేదు. మా చెట్టు ముట్టుకోవద్దని నేను గోడ మీదుగా చెప్పాను. వాళ్ళు భుజాలెగరేసి పక్క చెట్టుకి పోయారు.

ఇక అమ్మ సంబరం చూడాలి. పూత విచ్చుకోగానే నాచేత నిచ్చెన వేయించి, నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ ఒక్కో గెలకీ కట్టించింది. తెల్లపూల రెమ్మ ఎక్కడ దొరుకుతుందో తెలీక, మా మల్లెచెట్టు కొమ్మ కూడా ఒకటి దోపింది. వాకింగ్ పాత్ మీద నడిచే తెలుగు ఆంటీలు ఆగి ఆగి చూశారు. పార్టీల్లో నన్ను లక్కీ అనే ఆయన భార్య అయితే ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. కాయలైతే వచ్చాయి. ఏం కాయలు! ఒక్కో తొడిమకి మూడేసి అతుక్కున్న చిన్నచిన్న బుడిపెలు. వేసవంతా గడిచినా పండలేదు, పెరగలేదు, లోపల గింజ లేదు. కొరికితే వగరు. అవన్నీ ఎండి వాకింగ్ పాత్ నిండా రాలాయి. పావురాలు కూడా వాటిని ముక్కుతో పొడిచి వదిలేశాయి. అసోసియేషన్ నుంచి నోటీసు వచ్చింది. దిష్టి బాగా తగిలిందే మీ ఆంటీల వల్ల అని అమ్మ వారం రోజులు గొణిగింది.

అసలు సంగతి మరుసటి ఏడు తెలిసింది. మా ఆయన శాన్ డియాగోకి డ్రైవ్ చేస్తుంటే యూమా దగ్గర కాఫీకి ఆగాం. రోడ్డు పక్కన ఖర్జూరపు తోట. చెట్ల నడుమ లిఫ్టుల మీద మనుషులు ఒక్కో పూగుత్తి మీదా ఏదో పొడి కొడుతున్నారు. ఏం చేస్తున్నారని కౌంటర్లో ఉన్న అమ్మాయిని అడిగాను. మగ చెట్టు పుప్పొడి అంది. ఖర్జూరంలో ఆడచెట్లు వేరు, మగచెట్లు వేరు, గాలికి వదిలేస్తే సరిగా కాపు రాదు, ప్రతి గుత్తికీ మనిషి చేత్తో వెయ్యాల్సిందే, పాతకాలంలో అయితే మగపూల రెమ్మ మధ్యలో దోపి కట్టేవాళ్ళు అని చెప్పింది. నేను అమ్మ మొహం చూశాను. అమ్మ నా మొహం చూసింది. తరవాత ఆవిడ నెత్తి కొట్టుకుని, అక్కడే బెంచీ మీద కూలబడి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఎన్ని కాన్పులు చేసిందో లెక్కలేని మనిషి, పిల్లలెలా పుడతారో ఆ ఊళ్ళో వందలమందికి చెప్పిన మనిషి, పద్నాలుగేళ్ళు కళ్ళముందు జరిగిన పెళ్ళిని దిష్టితాడు అనుకుంది. "నిమ్మకాయ కట్టామే దానికి!" అని మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. ఆ తోటవాళ్ళు మగపూల రెమ్మలు గుప్పెడు కాగితంలో చుట్టి ఇచ్చారు. కారంతా గోధుమపిండి వాసన.

శాన్ డియాగో వద్దు, ఇంటికి పోదామంది అమ్మ. మా ఆయన కారు తిప్పాడు.

మా ప్యాటియో కప్పు బల్లపరుపుగా ఉంటుంది, దాని మీద నిలబడితే చెట్టు తల నా ఛాతీ ఎత్తున ఉంటుంది. ఎక్కాను. అమ్మ కింద నిలబడి, లోతుగా పెట్టు, తలకిందులుగా పెట్టు, గట్టిగా బిగించకు, పిందెలు ఊరాలి అని పురుడు పోస్తున్నట్టే చెప్తోంది. ముళ్ళు మోచేతులదాకా గీరాయి. ఒక్కో గుత్తి మధ్యలో రెమ్మ దోపి ఆకు చీలికతో కట్టాను. గోడవతల ఎవరో, మేడమ్ అది సేఫ్ కాదు దిగండి అని అరిచారు. దిగలేదు. నేను పెరిగిన ఊళ్ళో మిద్దె ఆడదాని చోటు. నన్ను దిగమనడానికి వీళ్ళెవరు?

ఈసారి పిందెలు ఒక్కొక్కటే, నున్నగా, లోపల గింజతో వచ్చాయి. వాటి వెనకే నోటీసు వచ్చింది. గెలలు తీసేయాలి, లేకపోతే వాళ్ళ మనుషులే వచ్చి పాత్ వైపున్నవి కోస్తారు. మళ్ళీ పాత్ మీద చెత్త పడితే చెట్టునే తొలగించమంటారు. మా ఆయన, పోనీలే, వాళ్ళతో ఎందుకు, ఖర్జూరాలు షాపులో దొరుకుతాయిగా అన్నాడు. నేను ఆయన వైపు చూసిన చూపుకి ఆ మాట మళ్ళీ అనలేదు. మీటింగుకి వెళ్ళాను. బోర్డువాళ్ళు ఎదురుగా వరసగా కూర్చున్నారు. మర్యాదగానే మాట్లాడారు. ఆ చెట్లు అలంకారానికి వేసినవి, పళ్ళ కోసం కాదు అన్నారు. ఈ జాతి చెట్లు ఈ దేశానికి ఎక్కడినుంచి వచ్చాయో తెలుసా అని అడిగాను. ఉత్తర ఆఫ్రికా ఒయాసిస్సుల నుంచి పిలకలు తెచ్చి నాటుకున్నారు, తిండి కోసం తెచ్చుకున్నారు, గొడుగుల కోసం కాదు అన్నాను. మీరు ఇండియన్ కదా అని ఒకాయన అడిగాడు. "ఇండియన్‌నే. పుట్టింది ఒయాసిస్‌లో. ఈ గదిలో ఈ చెట్టు సంగతి మాట్లాడే హక్కు నాకున్నంత ఎవరికీ లేదు," అన్నాను ఇంగ్లీషులో. ఓటుకి చేతులెత్తారు. గెలలు కొయ్యాలనే తేలింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. క్రేన్ బండి వచ్చే పొద్దున మడత కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని, గోంగూర కట్టలు బుట్టలో వేసుకుని వాకింగ్ పాత్ మీదికి వెళ్ళింది. సరిగ్గా చెట్టు కింద, క్రేన్ నిలబడాల్సిన చోట, కుర్చీ వేసుకుని గోంగూర వలుచుకుంటూ కూర్చుంది. పాత్ అందరిదీ. రెసిడెంటు ఎక్కడైనా కూర్చోవచ్చు. మనిషి కింద ఉండగా క్రేన్ ఎత్తకూడదని ఆ పనివాళ్ళకి రూలు. వాళ్ళు నాతో చెప్పారు, ఆవిడతో చెప్పారు, ఫోన్ చేశారు, చివరికి వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చారు. మళ్ళీ కుర్చీ. ఆవిడ పొద్దున కాఫీ తాగి ఆసుపత్రి డ్యూటీకి పోయినట్టు పోయి కూర్చునేది. ఆంటీలు మొదట పక్కనుంచి తప్పుకుని నడిచారు. ఒకరోజు, ఫొటో తీసి గ్రూపులో పెట్టినావిడే ఆగి, "గోంగూర పుల్లదేనా ఆంటీ?" అని అడిగింది. అమ్మ తల ఎత్తకుండా ఒక కట్ట ఆవిడ చేతిలో పెట్టింది. మర్నాడు ఆవిడ కూడా ఒక కుర్చీ తెచ్చుకుంది.

అసోసియేషన్ మేనేజరు ఒక పొడుగాటి తెల్లాయన. ఎప్పుడూ చేతిలో ట్యాబ్లెట్ ఉంటుంది. ఆయనే చివరికి వచ్చి రాజీ మాట చెప్పాడు. ఈ ఒక్క ఏడాదికి గెలలు ఉండనిస్తారు. కానీ పాత్ మీద ఒక్క పండు కనిపించినా సరే, చెట్టు పోతుంది. నేను సరేనన్నాను. ఒక్క పండు కోసం ముప్పై ఏళ్ళు ఆగినదాన్ని, ఒక్క పండు రాలకుండా కాచుకోలేనా అనిపించింది. అమ్మ పాత మంగళగిరి నూలు చీరలు నాలుగు చింపి సంచులు కుట్టింది. నీలం, పసుపు, మామిడిపిందె రంగు, ఎర్ర అంచు. నేను మళ్ళీ మిద్దెక్కి ఒక్కో గెలకీ ఒక్కో సంచి తొడిగాను. కాలనీ అంతటా చెట్లు గుండు కొట్టించుకున్నట్టుంటే మాది చీరలు కట్టుకుని నిలబడింది. చీరలు కట్టకూడదని రూలు బుక్కులో ఎక్కడా లేదు, నేను మొత్తం చదివాను.

వేసవంతా పళ్ళు పెరిగాయి. సంచి పైనుంచి తడిమి చూస్తే చేతికి బరువు తెలిసేది. సెప్టెంబరులో కొన్ని కొసన మెత్తబడడం మొదలైంది. ఇంకొన్నాళ్ళు ఆగి కోద్దామనుకున్నాం. సరిగ్గా అప్పుడు ఒక సాయంత్రం దుమ్ము తుఫాను వచ్చింది. అరిజోనాలో ఉన్నవాళ్ళకి తెలుసు, ఆకాశమంత గోడ గోధుమరంగులో కదిలి వస్తుంది. అమ్మ కిటికీలు మూస్తూ, గిబ్లీ వచ్చిందే అంది. ఘదామిస్‌లో ఆ గాలికి అదే పేరు. ఇల్లంతా ఊగినట్టయింది. గాలి తగ్గాక గేటు తీసుకుని పాత్ మీదికి వెళ్ళి చూశాను. ఎర్ర అంచు సంచి నిలువునా చిరిగి జెండాలా కొట్టుకుంటోంది. గెల సగం విరిగింది. పాత్ మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఖర్జూరాలే.

నేను బకెట్ తెచ్చి ఏరడానికి వంగాను. పొద్దున మేనేజరు వస్తాడు, తుఫాను తరవాత కాలనీ అంతా తిరిగి ఫొటోలు తీయడం ఆయన పద్ధతి. ఈలోగా అంతా ఎత్తేస్తే ఎవరికి తెలుస్తుంది? అమ్మ వెనకనుంచి వచ్చి నా చేతిలో బకెట్ లాక్కుంది.

"దొంగతనం చేస్తున్నావా ఏంటే, వంగుతున్నావు? గాలి రాల్చినవి ఎవరివో మర్చిపోయావా?"

చెట్టు పోతుందమ్మా అన్నాను. పోతే పోనీ, తోటవాళ్ళు వంగరు, లోపలికి పద అంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అయినా వెళ్ళాను. ఆ గొంతు విన్నాక వెళ్ళక తప్పదు.

తెల్లవారుతూనే ఆవిడ కుర్చీ వేసుకుని పాత్ మీద కూర్చుంది. కుక్కని తిప్పే ముసలాయన వస్తే ఆపింది. ఇది మీది, ఏరుకోండి అని తన ఆసుపత్రి ఇంగ్లీషులో చెప్పింది. ఎందుకు నాది అన్నాడాయన. గాలి రాల్చింది, మీరు దారిన పోతున్నారు, అందుకని అంది. ఆయన ఒకటి తుడుచుకుని నోట్లో వేసుకున్నాడు. ఆగాడు. ఇంకో నాలుగు జేబులో వేసుకున్నాడు. పరిగెత్తే అమ్మాయిలు ఆగారు. స్కూలు బ్యాగులతో పిల్లలు ఆగారు. గోంగూర ఆంటీ ఇంటికెళ్ళి గిన్నె తెచ్చుకుంది, పార్టీల్లో నన్ను లక్కీ అనే వాళ్ళాయన్ని కూడా తోడు తెచ్చుకుంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దుమ్ము ఊదుకుంటూ ఏరుకుంటున్నాడు. తలెత్తి నన్ను చూసి, లిబియాలో ఇలాగే ఉంటాయాండీ అని అడిగాడు. గ్రీన్ కార్డు కాకుండా ఆయన నన్ను ఆ ఊరి గురించి అడిగిన మొదటి మాట అది.

మేనేజరు వచ్చేసరికి పాత్ మీద ఒక్క పండు లేదు. ఆయన చిరిగిన సంచి చూశాడు, విరిగిన గెల చూశాడు, నేల చూశాడు. ఎవరు శుభ్రం చేశారని అడిగాడు. ఎవరూ చెయ్యలేదు, తీసుకెళ్ళారు అంది అమ్మ. గోంగూర ఆంటీ ఏరి ఒడిలో పెట్టిపోయిన రెండు పళ్ళలో ఒకటి ఆయన ముందుకి చాపి, మందు మింగమన్నట్టుగా, తిను అంది. ఆయన వద్దన్నాడు. అమ్మ చెయ్యి దించలేదు. ఆయన తీసుకుని కొరికాడు. నమిలి మింగేదాకా మేం ఇద్దరం ఆయన మొహమే చూస్తున్నాం. గింజ మిగిలింది. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ చూశాడు. చుట్టూ పాత్ తప్ప ఏమీ లేదు. అమ్మ అరచెయ్యి చాపింది. పెద్దమనిషి చిన్నపిల్లాడిలా గింజ అందులో పెట్టాడు. ట్యాబ్లెట్ తెరవకుండానే వెళ్ళిపోయాడు. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు మాట్లాడదామని పోతూ పోతూ అన్నాడు. కుర్చీ ఇక్కడే ఉంటుందని అమ్మ వినపడేలా చెప్పింది.

అప్పుడు ఒడిలో మిగిలిన రెండో పండు నాకిచ్చింది. మెత్తబడి, ఒక పక్క దుమ్ము అంటుకుని ఉంది. తినవే, ఎన్నాళ్ళనుంచి చూస్తున్నావు అంది. నేను దాన్ని తీసుకోలేదు.

"రాలినవి దారిన పోయేవాళ్ళవి. నేను దారిన పోయేదాన్ని కాదమ్మా," అన్నాను.

అమ్మ ఆ పండు తన నోట్లో వేసుకుంది. నేను నిచ్చెన వేసుకుని ప్యాటియో కప్పు ఎక్కాను. నీలం చీర సంచి ముడి విప్పి చెయ్యి లోపలికి పెట్టి, తొడిమ తెగేలా మెలితిప్పి ఒక పండు కోశాను. సగం ఇంకా పచ్చిగా, సగం తేనెరంగులో ఉంది. మిద్దె మీద నిలబడే తిన్నాను.